జో క్యూబర్ట్: రెండు నెలల వయసులో దాటిన సముద్రం

వచ్చిన ప్రశ్న ఇది: "అమెరికన్ కామిక్స్‌లో వలస వచ్చిన ఆర్టిస్టుల గురించి చదువుతున్నాను. ఎక్కడ చూసినా జో క్యూబర్ట్ పేరు ఉంటోంది. కానీ ఆయన రెండు నెలల పసివాడిగా అమెరికా వచ్చాడట. పెరిగిందీ చదివిందీ బ్రూక్లిన్‌లోనే. అలాంటాయన్ని వలస ఆర్టిస్టు అనడం సబబేనా? ఆయన గీసినవన్నీ యుద్ధం కథలేనా? దేనితో మొదలుపెట్టి చదవాలి?"

నేను చాలా ఏళ్ళుగా బొమ్మలు గీస్తూ, గీయడం నేర్పుతూ బతుకుతున్నవాణ్ణి. క్యూబర్ట్ పేజీలు ముందు పెట్టి పిల్లలకు పాఠం చెప్పడం నాకు అలవాటు. అందుకని కాస్త పెద్ద జవాబే రాస్తున్నాను.

సబబే. ఆ సంగతి పక్కన పెట్టి చదివితే ఆయన చివరి రోజుల్లో చేసిన మంచి పుస్తకాలు ఎందుకు పుట్టాయో అర్థం కాదు.

క్యూబర్ట్ 1926 సెప్టెంబర్ 18న యెజెర్జానీ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. అప్పుడది పోలండ్ ఆగ్నేయ మూలన ఉండేది, ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉంది. వాళ్ళది యూదు కుటుంబం. తల్లి కడుపుతో ఉన్నప్పుడే అమెరికా వెళ్ళాలని ఇంటిల్లిపాదీ ప్రయత్నించారు. గర్భిణి అన్న కారణంతో ఆమెను ప్రయాణానికి అనుమతించలేదు. వెనక్కి వచ్చి, కాన్పు అయ్యాక, రెండు నెలల బిడ్డను ఎత్తుకుని మళ్ళీ బయలుదేరారు. అప్పటికి అమెరికా తలుపులు దాదాపు మూసేసి ఉన్నాయి. 1924 చట్టం ప్రకారం పోలండ్ మొత్తానికి ఏడాదికి 5,982 మందికే చోటు. ఒకసారి కాదనిపించుకున్నాక, పసిబిడ్డతో మళ్ళీ అంత దూరం ఎందుకులే అని ఊరుకుంటే అడిగేవాళ్ళెవరూ లేరు. వాళ్ళు ఊరుకోలేదు. పదహారేళ్ళ తర్వాత ఆ ప్రాంతంలో ఉండిపోయిన యూదుల్లో అత్యధికుల్ని నాజీలు చంపేశారు. ఈ లెక్క క్యూబర్ట్‌కు జీవితాంతం తెలుసు. దాని మీద పుస్తకం చేయడానికి మాత్రం ఆయనకు డెబ్బై ఏళ్ళు దాటాల్సి వచ్చింది.

కుటుంబం బ్రూక్లిన్‌లోని ఈస్ట్ న్యూయార్క్ అనే పేటలో స్థిరపడింది. తండ్రిది యూదుల మత నియమాల ప్రకారం మాంసం కొట్టి అమ్మే దుకాణం. కొడుకు బొమ్మలు గీస్తానంటే ఆ ఇంట్లో అడ్డు చెప్పలేదు. 1930ల ఆర్థిక మాంద్యంలో అది చిన్న విషయం కాదు.

ఇక్కడ కాలం కలిసొచ్చింది. 1938లో సూపర్‌మ్యాన్ వచ్చాక కామిక్ పుస్తకాల గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. పేజీలు కావాలి, గీసేవాళ్ళు చాలరు. పేరున్న పత్రికల్లో, యాడ్ ఏజెన్సీల్లో యూదు కుర్రాళ్ళను తీసుకోవడం అరుదు. కామిక్స్‌కు అప్పట్లో ఏ గౌరవమూ లేదు కాబట్టి అక్కడ మీ పేరేమిటి, మీ నాన్న ఏ దేశంవాడు అని ఎవరూ అడగలేదు. అమెరికన్ కామిక్స్‌లో పెద్ద పేర్లయిన విల్ ఐస్నర్, జాక్ కర్బీ కూడా వలస కుటుంబాల బిడ్డలే. ప్రచురణకర్తలకు పేజీలు తయారుచేసి ఇచ్చే స్టూడియోలు వెలిశాయి. వాటిని 'షాపులు' అనేవాళ్ళు. ఒకరు పెన్సిల్‌తో గీస్తే, ఇంకొకరు సిరా పెడతారు, మరొకరు మాటలు రాస్తారు. గడుల గీతలు కొట్టడం, సిరా ఆరాక కింద మిగిలిన పెన్సిల్ చెరపడం లాంటి పనులు కుర్రాళ్ళవి.

క్యూబర్ట్ ఆ కుర్రాళ్ళలో ఒకడు. హ్యారీ చెస్లర్ షాపుకి వెళ్ళి కూర్చునేవాడు. పెద్దవాళ్ళు తన బొమ్మలు చూసి తప్పులు చెప్పేవాళ్ళు. ఐస్నర్ స్టూడియోలో పెన్సిల్ గీతలు చెరిపే పని చేశాడు. పన్నెండేళ్ళ వయసుకే పేజీకి అయిదు డాలర్లు అందుకున్నానని ఆయనే చెప్పుకున్నాడు. మ్యాన్‌హట్టన్‌లోని హైస్కూల్ ఆఫ్ మ్యూజిక్ అండ్ ఆర్ట్‌లో చదువుకున్నాడు. అక్కడ నార్మన్ మౌరర్ అనే స్నేహితుడు దొరికాడు. ఆ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది. 1942లో 'క్యాట్‌మ్యాన్ కామిక్స్'లో 'వోల్టన్' అనే కథ గీశాడు. అప్పటికి క్యూబర్ట్‌కు పదిహేనేళ్ళు. 1944 నుంచి హాక్‌మ్యాన్ గీయడం మొదలుపెట్టాడు. ఆ రెక్కల వీరుడు ఆయనకు తొలి పేరు తెచ్చాడు.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పాలి. క్యూబర్ట్ గురించి రాసేవాళ్ళు 'పుట్టుకతో వచ్చిన విద్య' అని తేల్చేస్తారు. ఆయన తొలి పేజీలు తెచ్చుకుని చూడండి. చేతులు బిగుసుకుపోయి ఉంటాయి, మనుషులు నేల మీద ఆనరు. పదేళ్ళ తర్వాతి పేజీలు పక్కన పెట్టండి. మధ్యలో ఏం జరిగింది? నెలనెలా డెడ్‌లైన్, పక్కన కూర్చున్న పెద్దవాళ్ళు, గీసింది అచ్చులో ఎలా పాడవుతుందో కళ్ళారా చూడటం. ఆ షాపుల్లో ఎవరూ గురువు అని పేరు పెట్టుకోలేదు గానీ నేర్పారు. క్యూబర్ట్ ఆ అప్పు తర్వాత ఎలా తీర్చాడో కిందికి వస్తే తెలుస్తుంది.

1950ల మొదట్లో సైన్యంలోకి పిలిచారు. కొంతకాలం జర్మనీలో పనిచేశాడు. పోలండ్‌లో పుట్టిన యూదుడు, హిట్లర్ పోయి అయిదారేళ్ళు తిరక్కముందే, అమెరికన్ యూనిఫాం వేసుకుని జర్మనీ గడ్డ మీద నిలబడ్డాడు. అక్కడే రెండు రంగుల కళ్ళద్దాలు పెట్టుకుని చూసే త్రీడీ ఫోటోల పత్రిక ఒకటి చూశాడు. తిరిగొచ్చాక మౌరర్‌తోనూ, మౌరర్ అన్న లియొనార్డ్‌తోనూ కలిసి అదే పద్ధతిని బొమ్మలకు పట్టించాడు. సెయింట్ జాన్ అనే చిన్న సంస్థ 1953లో మైటీ మౌస్ అనే కార్టూన్ ఎలుకతో తొలి త్రీడీ కామిక్ వేసింది. మామూలు కామిక్ పది సెంట్లు ఉన్న రోజుల్లో దీని వెల పాతిక సెంట్లు. అయినా పది లక్షల పైచిలుకు కాపీలు అమ్ముడుపోయాయి. అందరూ ఎగబడి త్రీడీలు వేశారు. కొన్ని నెలల్లోనే జనానికి మొహం మొత్తి ఆ ముచ్చట ముగిసింది.

నా దృష్టిలో అదే ఏడాది జరిగిన ఇంకో పని ఎక్కువ ముఖ్యం. 'టోర్' అనే ఆదిమానవుడి కథను క్యూబర్ట్ సొంతంగా సృష్టించి, హక్కులు తన దగ్గరే ఉంచుకున్నాడు. అప్పటి కామిక్స్‌లో గీసినవాడికి పేజీ కూలి తప్ప ఏమీ మిగిలేది కాదు. సూపర్‌మ్యాన్‌ను సృష్టించిన సీగల్, షుస్టర్ ఆ పాత్రను 130 డాలర్లకు రాసిచ్చేశారు. సెయింట్ జాన్ మాత్రం హక్కు ఆర్టిస్టుకే వదిలింది. అందుకే క్యూబర్ట్ 1970ల్లో, 1990ల్లో, మళ్ళీ 2008లో కూడా తనకు తోచినట్టు టోర్ కథలు చేయగలిగాడు. ఇప్పుడు కాంట్రాక్టు మీద సంతకం పెట్టే ప్రతి కుర్రాడికీ నేను ఈ రెండు ఉదాహరణలూ పక్కపక్కన పెట్టి చెబుతాను.

1954లో కామిక్స్ పిల్లల్ని చెడగొడుతున్నాయంటూ అమెరికా సెనేట్ విచారణ జరిపింది. ప్రచురణ సంస్థలు వరసగా మూతపడ్డాయి. క్యూబర్ట్ 1955 నుంచి, సూపర్‌మ్యాన్ కామిక్స్ వేసే డీసీ అనే ప్రచురణ సంస్థలో కుదురుకున్నాడు. 1956లో ఫ్లాష్ అనే సూపర్‌హీరోను కొత్త రూపంలో పరిచయం చేసిన కథకు కార్మైన్ ఇన్‌ఫాంటినో పెన్సిల్ మీద సిరా పెట్టింది ఈయనే. ఆ కథతోనే సూపర్‌హీరోలకు రెండో జన్మ వచ్చిందని చరిత్రకారులు చెబుతారు. 1961లో గార్డ్‌నర్ ఫాక్స్ రచనతో కొత్త హాక్‌మ్యాన్ కూడా క్యూబర్ట్ చేతిమీదుగానే వచ్చాడు.

ఇప్పుడు యుద్ధం కథల సంగతి. మీ ప్రశ్నలో సగం నిజం ఉంది. 1959లో రచయిత రాబర్ట్ కానిగర్‌తో కలిసి సార్జెంట్ రాక్ మొదలుపెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో 'ఈజీ కంపెనీ' అనే దళాన్ని నడిపించే సార్జెంట్ కథలవి. ఆ పాత్ర కథలు 1988 దాకా వస్తూనే ఉన్నాయి. దానితోనే ఆయనకు యుద్ధం బొమ్మల ఆర్టిస్టు అన్న ముద్ర పడింది.

కథల్లో కానిగర్ ఒకే మూసను మళ్ళీమళ్ళీ వాడతాడు. కొత్తగా వచ్చిన సైనికుడికి ఒక భయమో మొండితనమో ఉంటుంది, చివరి పేజీలో అది తీరుతుంది లేదా అతను చనిపోతాడు. నాలుగు కథలు చదివితే అయిదోది ఎలా ముగుస్తుందో మీకే తెలిసిపోతుంది. బొమ్మలు మాత్రం అలా పాతబడవు. రాక్ ముఖం చూడండి. గడ్డం మాసి ఉంటుంది, హెల్మెట్ నీడలో కళ్ళు సగం కనిపించవు. గెలిచిన గడిలో కూడా ఆ ముఖం మీద నవ్వు అరుదు. చూపు చాలాసార్లు నేలకు దగ్గరగా ఉంటుంది, బురదలో పడుకున్నవాడికి కనిపించేంత ఎత్తులో. పొగనూ దుమ్మునూ సిరా దాదాపు ఆరిపోయిన బ్రష్‌తో విదిలించినట్టు పెడతాడు. ఏ గీతా ఊరికే అందం కోసం ఉండదు. నా శిష్యులు ముందు వీరత్వాన్ని గీస్తారు: విరిచిన ఛాతీ, ఎత్తిన తుపాకీ. క్యూబర్ట్ అలసటను గీశాడు. భుజం ఎంత వాలితే మనిషి నిద్రలేక ఉన్నాడని తెలుస్తుందో ఆయన్ని చూసి నేర్చుకోవాలి.

అంతకంటే గొప్పది 1965లో మొదలైన 'ఎనిమీ ఏస్'. కథానాయకుడు హాన్స్ ఫాన్ హామర్, మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ యుద్ధవిమానం నడిపేవాడు. అమెరికన్ పిల్లల పత్రికలో శత్రువు కథానాయకుడు కావడం అప్పుడు ఊహించరాని విషయం. అతను వరసగా విమానాలు కూలుస్తాడు, కిందికి దిగాక తోటి సైనికులు అతన్ని చంపే యంత్రమని చాటుగా అనుకుంటారు. అతను అడవిలోకి వెళ్తే ఒక నల్ల తోడేలు తప్ప తోడు ఉండదు. మాటలు కానిగర్‌వి. కానీ ఆ ముఖంలోని ఒంటరితనం క్యూబర్ట్‌ది. తన పుట్టిన ఊరి యూదుల్ని జర్మన్ సైన్యం ఏం చేసిందో తెలిసిన మనిషి, ఒక జర్మన్ సైనికుడికి ఇంత న్యాయం చేశాడు. ఆయన మీద నాకున్న గౌరవంలో పెద్ద భాగం ఈ కథల వల్లే.

వియత్నాం యుద్ధం రోజుల్లో గ్రీన్ బెరెట్ అనే అమెరికన్ ప్రత్యేక సైనిక దళం మీద దినపత్రికల్లో ఒక కామిక్ స్ట్రిప్ కూడా గీశాడు. బొమ్మలు బాగానే ఉంటాయి గానీ ఆ స్ట్రిప్ ధోరణి ఆయన మిగతా పనితో పొసగదు. త్వరగానే వదిలేశాడు. తర్వాత డీసీలో ఎడిటర్ అయి యుద్ధం పత్రికలన్నీ తన చేతికి వచ్చాక, కథల చివర ఒక గుండ్రటి ముద్ర వేయించాడు: "ఇక యుద్ధాలు వద్దు" అని. దేశం ఇంకా వియత్నాంలో పోరాడుతూనే ఉంది. ముద్రను చూసి కొనడం మానేస్తారేమో అన్న టెన్షన్ ఏ సంస్థకైనా ఉంటుంది. అయినా వేశాడు.

యుద్ధం లేని క్యూబర్ట్ కావాలంటే 1972 నుంచి డీసీలో వచ్చిన టార్జాన్ చూడండి. చిన్నప్పుడు ఆదివారం పేపర్లో హాల్ ఫోస్టర్ గీసిన టార్జాన్ చూసే బొమ్మల పిచ్చి పట్టిందని ఆయన ఎన్నోసార్లు చెప్పాడు. ఆ పాత్ర చేతికి వచ్చేసరికి రాసిందీ గీసిందీ ఎడిట్ చేసిందీ అన్నీ తానే. ఆ అడవిని చూస్తే ఎంత ఇష్టంతో చేశాడో తెలుస్తుంది.

1976 సెప్టెంబర్‌లో, యాభయ్యో ఏట, భార్య మ్యూరియల్‌తో కలిసి న్యూజెర్సీలోని డోవర్‌లో కామిక్స్ నేర్పే స్కూల్ తెరిచాడు. మూడేళ్ళ కోర్సు. అమెరికాలో కేవలం ఈ విద్య కోసమే నడిచే పూర్తిస్థాయి స్కూల్ అప్పట్లో అరుదు. పాత షాపులు అప్పటికి ఎప్పుడో పోయాయి. ఆర్టిస్టులు ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చుని గీసి పోస్టులో పంపేస్తున్నారు. పక్కన కూర్చుని నేర్చుకునే చోటే లేకుండా పోయింది. తాను పన్నెండేళ్ళ వయసులో చెస్లర్ దగ్గర పొందినదాన్ని కొత్త పిల్లలకు ఇవ్వాలంటే ఆ చోటును మళ్ళీ కట్టాల్సిందే. లెటరింగ్, అంటే బొమ్మల్లో మాటలు చేత్తో రాయడం, దగ్గర్నుంచి అన్నీ చేయించేవాళ్ళు, చదువుకుంటూనే బయటి పనులు కూడా చేసేవాళ్ళు. స్టీఫెన్ బిసెట్, రిక్ వీచ్, టిమోతీ ట్రూమన్, అమాండా కానర్ అక్కడి నుంచి వచ్చినవాళ్ళే. కొడుకులు ఆడమ్, ఆండీ కూడా అక్కడే చదివి పేరున్న ఆర్టిస్టులయ్యారు. మీ అంశానికి దగ్గరైన పేర్లు ఇంకో రెండు: బల్గేరియాలో పుట్టిన అలెక్స్ మాలీవ్, బ్రెజిల్ నుంచి వచ్చిన సెర్జియో కారియెల్లో. పరాయి దేశం నుంచి పోర్ట్‌ఫోలియో పట్టుకుని వచ్చినవాళ్ళకు ఆ స్కూల్ ఒక తలుపు అయింది.

2001 నుంచి అమెరికన్ సైన్యం నడిపే 'పీఎస్' పత్రికకు కూడా క్యూబర్ట్ బృందమే బొమ్మలు సమకూర్చింది. వాహనాలూ ఆయుధాలూ పాడవకుండా ఎలా చూసుకోవాలో సైనికులకు బొమ్మలతో చెప్పే పత్రిక అది. 1951లో దానికి రూపం ఇచ్చింది విల్ ఐస్నర్. ఒకప్పుడు ఐస్నర్ పేజీల మీద పెన్సిల్ చెరిపిన కుర్రాడి దగ్గరికే ఆ పని వచ్చింది.

మిమ్మల్ని ముఖ్యంగా చదవమనేవి రెండు పుస్తకాలు. మొదటిది 1996లో వచ్చిన 'ఫ్యాక్స్ ఫ్రమ్ సారయెవో'. క్యూబర్ట్‌కు ఎర్విన్ రుస్తెమాగిచ్ అనే స్నేహితుడు ఉండేవాడు. బోస్నియా రాజధాని సారయెవోలో కామిక్స్ ప్రచురణ సంస్థ నడిపేవాడు. 1992లో ఆ నగరాన్ని ముట్టడించారు. ఇల్లు కూలింది, ఆఫీసులో దాచిన వేలాది ఒరిజినల్ పేజీలు కాలిపోయాయి. భార్యాపిల్లలతో అక్కడే చిక్కుకుపోయిన ఆయన దాదాపు ఏడాదిన్నర పాటు, మెషీన్ పనిచేసినప్పుడల్లా విదేశాల్లోని స్నేహితులకు ఫ్యాక్స్‌లు పంపాడు. అవి అందుకున్నవాళ్ళలో క్యూబర్ట్ ఒకడు. కుటుంబం క్షేమంగా బయటపడ్డాక ఆ ఫ్యాక్స్‌లనే ఆధారంగా పెట్టుకుని పుస్తకం గీశాడు. కామిక్స్‌కు ఇచ్చే ఐస్నర్, హార్వీ అవార్డులు రెండూ దానికి వచ్చాయి. నలభై ఏళ్ళు కల్పిత యుద్ధాలు గీసిన చెయ్యి, ఇక్కడ నీళ్ళ కోసం పరిగెత్తే కుటుంబాన్ని గీసింది. పేజీలో హీరోలు లేరు. కిటికీ దగ్గర నిలబడాలా వద్దా అన్నదే ప్రశ్న.

రెండోది 2003లో వచ్చిన 'యోసెల్: ఏప్రిల్ 19, 1943'. మీ మొదటి ప్రశ్నకు అసలు జవాబు ఈ పుస్తకమే. అమ్మానాన్నలు ఆ రెండో ప్రయత్నం చేయకపోతే నాకేమయ్యేది? ఈ ఒక్క ప్రశ్న మీద కథంతా నడుస్తుంది. యోసెల్ బొమ్మలు గీసే యూదు కుర్రాడు. కుటుంబంతో సహా వార్సా ఘెట్టోకి, అంటే నాజీలు యూదుల్ని గోడల మధ్య బంధించి ఉంచిన పేటకు, తరలిస్తారు. అక్కడి నాజీ అధికారులకు అతని బొమ్మలు కాలక్షేపం. అందుకు బదులుగా కాస్త తిండి, కాస్త రక్షణ. ఇంట్లో మిగతావాళ్ళను నాజీల నిర్బంధ శిబిరానికి తీసుకుపోతారు. అక్కడి నుంచి తప్పించుకొచ్చిన ఒక రబ్బీ (యూదు మతగురువు) లోపల జరిగేదంతా చెబుతాడు. శీర్షికలోని తేదీ వార్సా ఘెట్టో యూదులు ఆయుధాలు పట్టిన రోజు. యోసెల్ కూడా వాళ్ళతో కలిసి మురుగు కాలువల్లోకి దిగుతాడు.

ఈ పుస్తకానికి క్యూబర్ట్ సిరా పెట్టలేదు. పెన్సిల్ గీతలు యథాతథంగా అచ్చేయించాడు. కొట్టేసిన గీతలు, వెతుక్కున్న గీతలు అన్నీ కనిపిస్తాయి. కాలువలో దాక్కున్న కుర్రాడికి సిరా, బ్రష్ ఎక్కడివి? దొరికిన కాగితం మీద గబగబా గీసుకున్నట్టే ఉంటాయి బొమ్మలు. బ్రష్ పనికి పేరుపడ్డ మనిషి డెబ్బై ఏళ్ళు దాటాక ఆ బ్రష్‌నే పక్కన పెట్టేయడం నాకు ఆయన చేసిన పనులన్నిటిలోకీ ధైర్యమైనదిగా అనిపిస్తుంది. నాజీలకు యోసెల్ గీసిచ్చే కండల వీరుల్ని చూసినప్పుడు, బ్రూక్లిన్‌లో అదే వయసులో అలాంటి వీరుల్నే గీసి డబ్బు తీసుకున్న క్యూబర్ట్ గుర్తుకొస్తాడు. ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఒకే విద్య.

క్యూబర్ట్ 2012 ఆగస్టు 12న, ఎనభై అయిదేళ్ళ వయసులో చనిపోయాడు. ఆ ఏడాది కూడా కొడుకు ఆండీ పెన్సిల్ మీద సిరా పెట్టాడు.

చదివే వరస అడిగారు కాబట్టి: ముందు 'యోసెల్', దాని ముందుమాటతో సహా. తర్వాత 'ఎనిమీ ఏస్'. ఈ కథలూ సార్జెంట్ రాక్ కథలూ 'షోకేస్ ప్రెజెంట్స్' పేరుతో నలుపు తెలుపుల్లో లావుపాటి సంపుటాలుగా వచ్చాయి. గీయడం నేర్చుకునేవాళ్ళయితే రంగులవాటికంటే అవే వెతికి కొనండి, రంగు అడ్డు లేకుండా బ్రష్ ఎలా నడిచిందో కనిపిస్తుంది. ఆ తర్వాత 'ఫ్యాక్స్ ఫ్రమ్ సారయెవో', టార్జాన్. రాక్ కథల్ని మాత్రం ఏకబిగిన చదవకండి, వారానికి రెండు మూడు చాలు. 2010లో వచ్చిన 'డాంగ్ స్వాయ్'ను చివరికి ఉంచండి. వియత్నాంలో జరిగిన ఒక నిజమైన పోరాటం మీద చేసింది అది, పెన్సిల్ పని అద్భుతం. కానీ సైనికుల పేర్లూ హోదాలూ ఎక్కువ, మొదటిసారి క్యూబర్ట్‌ను చదివేవాళ్ళకు బరువుగా ఉంటుంది.